చిలకల వంకీకి ప్రభుత్వ సత్కారం

మా పట్టణంలో ఎవరూ ఏనాడూ నగలు తాకట్టు పెట్టలేదు. ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. ఊళ్ళో పదకొండు తాకట్టు కొట్లు ఉన్నాయి. మూడు తరాలుగా నిరాటంకంగా సాగుతున్నాయి. వాటి యజమానులు మేడల మీద మేడలు లేపారు. అయినా తాకట్టు పెట్టిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. మేము పిండి ఆడించుకుంటాము.

పొరుగూరి పాఠకుల కోసం ఇది కొంచెం వివరించవలసి ఉన్నది. సరాఫు బజారులోని జవరీలాల్ సేఠ్ గారి కొట్టుకు రెండు ద్వారాలు. బజారు వైపు ద్వారం మీద బోర్డు ఉన్నది, అద్దాల బీరువాలు ఉన్నాయి. నగ కొనేవారు ఆ ద్వారం గుండా తలెత్తుకుని వెడతారు. రెండవ ద్వారం వెనుక సందులో, సామ్రాజ్యమ్మ గారి పిండి మరను ఆనుకుని ఉన్నది. దానికి బోర్డు లేదు. మర్యాదస్థునికి ఇబ్బంది కలిగినప్పుడు, ఒక డబ్బాలో రెండు కిలోల బియ్యం పోసుకుని, నగను జేబులో వేసుకుని ఆ సందులోకి వస్తాడు. డబ్బాను మర గట్టు మీద పెట్టి పక్క ద్వారంలో అదృశ్యమవుతాడు. పావుగంటలో తిరిగి వచ్చి, ఆ బియ్యాన్ని అలాగే ఇంటికి తీసుకుపోతాడు. కొన్ని ఇళ్ళల్లో అవే బియ్యం పదేళ్ళుగా సందుకు వస్తూ పోతూ ఉన్నవని సామ్రాజ్యమ్మ గారు ఒకసారి నాతో అన్నది. ఆమెకు నెలనెలా సేఠ్ గారు ఇంత అని ముట్టజెప్పేవారు.

సందులో ఇద్దరు ఎదురుపడితే పాటించవలసిన పద్ధతి కూడా ఒకటి ఉన్నది.

"ఏమండీ, జంతికలకా?"

"అవునండీ. మనవలొస్తున్నారు."

అంతే. ఇంతకు మించి ప్రశ్న వేసిన మనిషిని మా పట్టణంలో సంస్కారహీనుడిగా పరిగణిస్తాము.

నేను సహాయ ఖజానాధికారిగా పదవీ విరమణ చేసినవాడిని. పేరు పట్టాభిరామారావు, కాని ఊళ్ళో అందరికీ 'ట్రెజరీ గారి'ని. ముప్పై నాలుగు సంవత్సరాల ఉద్యోగంలో ప్రభుత్వ ధనంలో ఒక్క పైసా తేడా రానివ్వలేదు. జీవితంలో ఎన్నడూ అప్పు చేయలేదని మా కాలనీ వార్షికోత్సవాలలో యువకులకు ఏటా చెబుతూ ఉండేవాడిని. నిరుడు కూడా చెప్పాను. ఆ తరువాత నాలుగవ రోజున సెల్లుఫోనులో ఒక సందేశం వచ్చింది. విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లించని కారణంగా నా ఇంటి కనెక్షను ఆ సాయంత్రమే తొలగింపబడునని దాని సారాంశం. ఇంగ్లీషులో ఉన్నది. అందులో ఎనిమిది తప్పులు ఉన్నాయి. ఒక ప్రభుత్వ సంస్థ ఇటువంటి భాష వ్రాయడం నాకు సహించలేదు. ఎనిమిది తప్పులనూ సవరించి, వారు అడిగిన వివరాలన్నీ ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా నింపి, వచ్చిన రహస్య సంఖ్యను సైతం జతపరచి, తిరుగుటపాలో పంపాను. ఇంటి పైకప్పు మరమ్మతుకు దాచిన లక్షా నలభై వేల రూపాయలు పది నిమిషాలలో పోయాయి.

ఈ సంగతి నా భార్య త్రిపురసుందరికి చెప్పగలిగిన మగవాడెవరైనా ఉంటే ఉండవచ్చు. నేను కాను. కప్పు మరమ్మతు ఆగకూడదు. కనుక ఇనుప బీరువాలోని వంకీని తీసి, డబ్బాలో బియ్యం పోసుకున్నాను.

వంకీ అంటే మోచేతి పైన, దండకు పెట్టుకునే ఆభరణం. ఇది త్రిపుర పుట్టింటిది. ఎదురెదురుగా రెండు చిలకలు, మధ్యన ఒక కెంపు. ఆ ఇంట ఏ ఆడపిల్లకు పెళ్ళి జరిగినా, మేనత్త ఆ వంకీని తన చేతితో పెళ్ళికూతురు దండకు తొడగాలి. ఆ తరువాతనే పిల్ల పీటల మీదికి వస్తుంది. త్రిపుర తమ్ముడు దుర్గాప్రసాదు కూతురు హిరణ్మయికి మాఘంలో పెళ్ళి. అప్పటికి పింఛనులో మిగిల్చి వంకీని విడిపించి, యథాస్థానంలో పెట్టాలని నా ప్రణాళిక.

"దొంగల భయం ఎక్కువగా ఉన్నది. వంకీని బ్యాంకు లాకరులో పెట్టాను," అని త్రిపురతో చెప్పాను.

"మంచి పని చేశారు," అన్నది ఆమె వెంటనే. "ఇంక దాన్ని కదిలించకండి."

నలభై రెండేళ్ళ కాపురంలో ఆమె నా మాటను ఇంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదలు. దానిని నా హుందాతనానికి దక్కిన గౌరవంగా భావించాను.

కార్తీకం దాటిన తరువాత పట్టణానికి స్వర్ణ చైతన్య పథకం వచ్చింది. దానిని 'గృహ సువర్ణ వికాస విభాగం' వారు తెచ్చారు. ప్రత్యేకాధికారిగా నియమితులైన ముకుందప్రసాద్ గారు నలభై ఏళ్ళవారు, నిష్కపటులు, ఎప్పుడూ ఏదో ఒక సంతోషంలో ఉండేవారు. పురపాలక సభామందిరంలో మమ్మల్నందరినీ సమావేశపరచి, ఉత్తర్వును వారే చదివారు.

"తాకట్టు పెట్టుట అనునది అవమానకరమైన చర్య కాదనియు, పెట్టెలయందు నిద్రించుచున్న స్వర్ణమును ఆర్థిక స్రవంతిలోనికి మేల్కొలుపు ప్రజాహిత కార్యమనియు ప్రభుత్వము వారు భావించుచున్నందున, సదరు కార్యము నిర్వర్తించు పౌరులను ఇకమీదట తాకట్టుదారులు అని పిలువరాదు. స్వర్ణ భాగస్వాములు అని సంబోధింపవలెను. వారిని సిగ్గు అను సాంఘిక రుగ్మత నుండి విముక్తులను గావించుటకై, అన్ని కొట్ల వెనుక ద్వారములు ఇందుమూలముగా మూసివేయబడును."

సభలో ఎవరూ కదలలేదు. జవరీలాల్ సేఠ్ గారు మాత్రం లేచారు. ఆయన తాత ఎక్కడినుంచి వచ్చాడో గాని, ఆయన తెలుగు మా మండలంలో పుట్టినవాళ్ళ తెలుగే.

"అయ్యా, చిన్న మనవి. ఆ తలుపు మా కోసం కాదండి. వచ్చే జనం కోసం పెట్టిన తలుపు. మా తాత ముందు ఆ తలుపే కట్టించాడు, కొట్టు తర్వాత కట్టాడు."

"అదే రుగ్మత," అన్నారు ముకుందప్రసాద్ గారు ఎంతో ఆప్యాయంగా.

మరునాడు వెనుక ద్వారాలకు లక్క ముద్రలు పడ్డాయి. ముందు ద్వారాల వద్ద ఎర్ర తివాచీ పరిచారు. గుమ్మం పక్కన బల్ల మీద పూలదండలు, పన్నీరు బుడ్డి, పటం తీసే మనిషి. మొదటి స్వర్ణ భాగస్వామి అయ్యే అదృష్టం కూరగాయల మార్కెట్టు గుమాస్తా బసవపున్నయ్యకు పట్టింది. పాపం అతను సంగతి తెలియక, వేలి ఉంగరం ఒకటి పట్టుకుని వచ్చాడు. దండ వేశారు, పన్నీరు చల్లారు, పటం తీసి బోర్డు మీద అంటించారు. ఆ సాయంత్రం పురపాలక సంఘం వారి చెత్త బండి, తడి చెత్త పొడి చెత్త పాట ముగించిన వెంటనే, "నేటి మన స్వర్ణ భాగస్వామి శ్రీ దాసరి బసవపున్నయ్య గారికి అభినందనలు" అని ప్రతి వీధిలోనూ రెండేసి సార్లు ప్రకటించింది. ఎవరో ఫోనులో చెప్పారట, ఆ రాత్రే అతని మామగారు బస్సులో దిగాడు. ఏమైందని కూతుర్ని అడిగి, అల్లుడితో మాట్లాడకుండానే తిరిగి వెళ్ళిపోయాడట.

ఆ తరువాత తివాచీ మీద ఎవరూ కాలు పెట్టలేదు.

సందులోకి మాత్రం అలవాటుగా వస్తూనే ఉన్నారు. డబ్బాతో వచ్చేవారు, లక్క ముద్రను చూసేవారు. వచ్చిన మనిషి బియ్యాన్ని అలాగే తిరిగి మోసుకుపోతే, మరి ఎందుకు వచ్చినట్టు? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కనుక నిజంగానే ఆడించుకుని పోయేవారు. పట్టణ చరిత్రలో మొట్టమొదటిసారిగా ఆ మర పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగింది. నేను కూడా సేఠ్ గారి కొట్టు సంగతి కనిపెడదామని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ పిండితో వచ్చాను.

"ఏంటి బాబాయి గారూ ఈ బియ్యం, సగం పురుగులే ఉన్నాయి," అన్నది సామ్రాజ్యమ్మ గారు. "మొన్న మునసబు గారి కోడలొచ్చి, రాళ్ళతో సహా ఆడించమంది. బెల్టు తెగింది. ఆ తలుపు తీయించండి బాబూ. నాకీ పని చేతగాదు."

ఊరంతా నెల రోజులు జంతికలు, చెక్కలు, చెగోడీలు తిన్నది. డాక్టరు గారి దగ్గర కడుపునొప్పి వాళ్ళు బారులు తీరారు. త్రిపుర ఎందుకో ఆ నెలలో మూడుసార్లు తానే స్వయంగా పిండి ఆడించుకు వచ్చింది. ఆమె మోకాళ్ళ నొప్పితో అంత దూరం నడవడం నాకు బాధ కలిగించింది. కాని సందు గురించి సంభాషణ పెంచడం నాకు క్షేమం కాదు కనుక ఊరుకున్నాను.

పథకానికి త్రైమాసిక లక్ష్యం ఆరు వందల మంది భాగస్వాములు. బసవపున్నయ్యను కలుపుకుని ఒక్కరు తేలారు. పైనుంచి ముకుందప్రసాద్ గారికి తాఖీదు వచ్చింది. అటువంటి సమయంలో సామాన్యుడైతే పథకంలో లోపం ఉన్నదనుకుంటాడు. వారు నిర్వచనంలో లోపం ఉన్నదని కనుగొన్నారు. కొత్తగా తాకట్టు పెట్టినవారే ఎందుకు భాగస్వాములు కావాలి? ఇదివరకే పెట్టి ఇంకా విడిపించుకోనివారంతా పథకం మీద విశ్వాసంతో కొనసాగుతున్నవారే కదా. కొట్ల చిట్టాలన్నీ తెప్పించి కంప్యూటరులోకి ఎక్కించారు. ఒక్క రాత్రిలో పట్టణానికి నాలుగు వేల మూడు వందల మంది స్వర్ణ భాగస్వాములు లభించారు.

ఇక వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎవరైనా తన వస్తువును విడిపించుకుంటే సంఖ్య తగ్గుతుంది. కనుక విడిపించుకోవడం అనే మాటను రద్దు చేసి, దానికి 'భాగస్వామ్య ఉపసంహరణ' అని పేరు పెట్టారు.

పెళ్ళి ఇరవై ఆరు రోజులు ఉన్నదనగా నేను డబ్బు కవరులో పెట్టుకుని, నా జీవితంలో మొదటిసారిగా ఆ కొట్టులోకి ముందు ద్వారం గుండా వెళ్ళాను. సేఠ్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆయన పక్కన కొత్తగా ఒక బల్ల, దాని వెనుక విభాగం వారు నియమించిన సలహాదారు, శిరీష అనే అమ్మాయి కూర్చుని ఉన్నది.

"సార్, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా? మీరు మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్ళాలనుకుంటున్నారు?"

"నేను ఎవరినీ వదిలి వెళ్ళడం లేదమ్మా. నా వస్తువు నాకు కావాలి. డబ్బు తెచ్చాను."

"మా వల్ల ఏమైనా మనసు నొచ్చుకుందా సార్?"

"ఇంతవరకు లేదు."

"అట్లా పొడిగా మాట్లాడేవాళ్ళకు లోపల చాలా బాధ ఉంటుందని శిక్షణలో చెప్పారు సార్. చెప్పుకోండి. ఇక్కడ అందరం మనవాళ్ళమే."

"నా బాధ వస్తువు నా దగ్గర లేకపోవడం. అది ఇస్తే పోతుంది."

ఆ అమ్మాయి తల ఊపి, దరఖాస్తులో 'కారణము' అన్నచోట 'వియోగ భావన' అని వ్రాసింది. పునరాలోచన కోసం తొంభై రోజుల గడువు ఉంటుందనీ, ఆ తరువాత ముగ్గురు సభ్యుల సంఘం ఇంటికి వచ్చి కుటుంబ సభ్యులందరితో మాట్లాడుతుందనీ చెప్పింది.

"కుటుంబ సభ్యులతోనా?" అన్నాను.

"ముఖ్యంగా మేడంగారితో సార్."

సేఠ్ గారు దగ్గారు. అది నా పట్ల సానుభూతి అనుకున్నాను.

ఆ రోజే ప్రత్యేకాధికారి గారి వద్దకు వెళ్ళి, నియమావళిలోని పేరాలను ఉటంకిస్తూ వినతిపత్రం సమర్పించాను. వారు నా చిరునామా కంప్యూటరులో కొట్టి చూశారు. చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. లేచి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"పట్టాభిరామారావు గారూ, మీ అర్జీని తిరస్కరించుటకు నేను ఎంతయో గర్వపడుచున్నాను. ఇటువంటి గృహము జిల్లాలో మరియొకటి లేదు. పన్నెండవ తేదీన కళామందిరములో మీకు విభాగము తరపున సత్కారము. తమరు సతీసమేతముగా విచ్చేయవలెను."

"సతి లేకుండా వస్తాను," అన్నాను.

"ఆ తల్లి లేనిదే ఈ సభయే లేదు," అన్నారు వారు, కళ్ళ నీళ్ళతో.

ఆహ్వానపత్రిక రెండు సన్నాయిలతో, ఒక డోలుతో మా ఇంటికి వచ్చింది. అందులో 'విశిష్ట పౌర సత్కారము' అని మాత్రమే ఉన్నది, దేనికో లేదు. త్రిపుర చదివి మంచం మీద కూర్చుండిపోయింది. ముఖం తెల్లబోయింది. నా గుట్టు తెలిసిపోయిందని నేను నిర్ణయించుకున్నాను. కాని ఆమె ఆ మధ్యాహ్నం నాకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది. నేను పశ్చాత్తాపంతో చిక్కుడుకాయలు వలిచాను. మరునాడు ఆమె గారెలు చేసింది. నేను ఆమె కాళ్ళకు నొప్పి నూనె తెచ్చాను. కాపురానికి వచ్చిన కొత్తలో కూడా మేము ఒకరిపట్ల ఒకరు అంత మర్యాదగా లేము.

ఇంతలో దుర్గాప్రసాదు ఫోను చేశాడు. "అక్కా, వంకీ మరిచిపోయేవు. పది గంటల నలభై నిమిషాలకు ముహూర్తం. నువ్వు తొడిగితే గాని పిల్ల లేవదు."

"లాకరులోనిది నేను తెస్తాను," అన్నాను గట్టిగా.

"మీరేం శ్రమపడకండి, నేను చూసుకుంటాను," అన్నది త్రిపుర అంతకంటే గట్టిగా.

పన్నెండవ తేదీ కళామందిరం నిండిపోయింది. జంతికలు తిని తిని విసిగిన జనం వినోదం కోసం వచ్చారు. మా కాలనీ యువకులు, నా వార్షికోపన్యాసాలు విన్నవారంతా, మూడవ వరుసలో కూర్చున్నారు. కొట్ల యజమానులను ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీద మా ఇద్దరికీ సింహాసనాల వంటి కుర్చీలు వేశారు. ముకుందప్రసాద్ గారు ప్రశంసాపత్రం విప్పారు.

"స్వర్ణ చైతన్య పథకమునందు ఆదర్శ దంపతులుగా ఎంపికయైన శ్రీ పట్టాభిరామారావు గారు పదకొండు మాసముల క్రిందట మన భాగస్వామియైరి. వస్తువు: రెండు చిలకల వంకీ ఒకటి."

సభ చప్పట్లు కొట్టింది. మూడవ వరుస ఇంకా గట్టిగా కొట్టింది. నేను త్రిపుర వైపు చూడలేదు.

"వీరి ధర్మపత్ని శ్రీమతి త్రిపురసుందరి గారు, పతికంటె రెండు సంవత్సరములు ముందుగానే ఈ మార్గమున నడచిన వీరవనిత. వస్తువు: రెండు చిలకల వంకీ ఒకటి."

నాలుగు చిలకలు. లెక్క కట్టడం నా వృత్తి కనుక వెంటనే కట్టాను. మా ఇంట్లో రెండే ఉండాలి. త్రిపుర నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. తరువాత ఇద్దరమూ ముందు వరుసలోని జవరీలాల్ సేఠ్ గారి వైపు చూశాము. ఆయన పైకప్పులోని పంకాను అతి శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"వీరిది పరస్పర ఒత్తిడి లేని స్వచ్ఛంద భాగస్వామ్యము అనుటకు తిరుగులేని సాక్ష్యము కలదు," అని ముకుందప్రసాద్ గారు కొనసాగించారు. "వ్యాపారి చిట్టాలోని రిమార్కుల గడియందు భార్య పేరుకు ఎదురుగా 'అయ్యగారికి తెలియరాదు' అనియు, భర్త పేరుకు ఎదురుగా 'అమ్మగారికి తెలియరాదు' అనియు వ్రాయబడియున్నది. పారదర్శకత నిమిత్తము ఈ విషయము సభకు విన్నవించుచున్నాను."

శాలువాలు కప్పారు. నన్ను మాట్లాడమన్నారు. నేను లేచి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, తెలుగులో రెండు వాక్యాలు మాట్లాడాను. ఏమి మాట్లాడానో నాకు గుర్తు లేదు. వ్యాకరణ దోషాలు మాత్రం లేవు.

వేదిక వెనుక గదిలో టీ ఇచ్చారు. సేఠ్ గారు పారిపోకుండా అక్కడే నిలబడి ఉన్నారు. అందుకు ఆయనను మెచ్చుకోవాలి.

"సేఠ్ గారూ," అన్నాను, "ఈ నాలుగు చిలకల్లో బంగారపు చిలకలు ఏవి?"

"అమ్మగారివండి."

"నావి?"

"ఇత్తడి. పైన పూత. మన గిల్టు మస్తానే చేశాడు, అమ్మగారి కోసం. అసలుది నాకిచ్చి, ఆ గిల్టుది మీ బీరువాలో పెట్టుకున్నారు. మీరు దాన్ని తెచ్చారు."

"మీరు నా ఎదుటనే గీటురాయి మీద గీసి చూశారు."

"గీయక ముందే తెలుసండి. అసలుది నా ఇనప్పెట్టెలోనే ఉండె గదా."

"మరి ఇది గిల్టు అని నాకెందుకు చెప్పలేదు?"

"గిల్టంటే, అసలుదేమైందని మీరడుగుతారు. అమ్మగారి మాట నేనెట్టా బయటపెట్టను?"

"గిల్టు మీద లక్షా నలభై వేలు ఇచ్చారా?"

"గిల్టు మీద కాదండి. ట్రెజరీ గారు బియ్యం డబ్బా పట్టుకుని నా గుమ్మంలో నిలబడితే, ఆ మనిషి మీద ఇచ్చాను." సేఠ్ గారు కొంచెం తటపటాయించి, "కాకపోతే మీరు తూకంలో తేడా ఉందని మూడుసార్లు తూయించారు. ఇత్తడిని మూడోసారి తూచేటప్పుడు మాత్రం నాకు కొంచెం కష్టం తోచింది," అన్నారు.

త్రిపుర ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తున్నదనుకుని దగ్గరకు వెళ్ళాను. నవ్వుతున్నది.

"త్రిపురా, ఆ లక్షా నలభై వేలు నేను ఎందుకు..."

"చెప్పకండి," అన్నది. "మీరు చెబితే నేనూ చెప్పాల్సి వస్తుంది. నాది ఇంకా పెద్ద మొత్తం."

ఇప్పటికీ అది దేనికో నాకు తెలియదు. సేఠ్ గారిని అడిగాను. పంకా వైపు చూశారు.

అయితే ఈ నవ్వులతో వంకీ బయటికి రాలేదు. ఆదర్శ దంపతులు మూడు సంవత్సరాల వరకు ఉపసంహరణకు అనర్హులని ప్రశంసాపత్రం వెనుక చిన్న అక్షరాలలో ఉన్నది. పెళ్ళికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. సేఠ్ గారు కనీసం గిల్టు వంకీనైనా ఇవ్వడానికి సిద్ధపడ్డారు. కాని దానికీ లక్క ముద్ర పడి ఉన్నది. త్రిపుర రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "మా తాతగారి అక్క మా మేనత్తకు తొడిగింది, మా మేనత్త నాకు తొడిగింది. నేను ఏం మొహం పెట్టుకుని ఉత్త చేతులతో వెళ్ళను?" అన్నది.

మూడవ రోజున నేను నియమావళి యావత్తూ చదివాను. పదకొండవ పేరాలో ఇలా ఉన్నది: 'పథక ప్రచార నిమిత్తము భాగస్వామ్య వస్తువులను విభాగ సిబ్బంది పర్యవేక్షణయందు బహిరంగ ప్రదేశములలో ప్రదర్శింపవచ్చును.' పెళ్ళిపందిరి బహిరంగ ప్రదేశమే. నేను వ్రాసిన అర్జీ చదివి ముకుందప్రసాద్ గారు, ఇంతటి ఆలోచన విభాగంలో ఎవరికీ రాలేదే అని విచారించారు. షరతులు మూడే పెట్టారు. ఇద్దరు సిబ్బంది, ఒక పటాల మనిషి వెంట ఉండాలి. లక్క ముద్ర ఉన్న అట్టచీటీ వంకీకి వ్రేలాడుతూనే ఉండాలి. ముహూర్తానికి ముందు ప్రకటన చదవాలి. ఇంటికి వచ్చి త్రిపురకు చెప్పాను. పెళ్ళివారి నిండు సభలో చదువుతారా అని అడిగింది. చదువుతారన్నాను. "చదవనివ్వండి. పిల్ల చేతికి వంకీ పడాలి," అన్నది.

పెళ్ళినాడు జూనియర్ అసిస్టెంటు ఫణీంద్ర, బంట్రోతు వీరాస్వామి ఇస్త్రీ బట్టలతో వచ్చి, పెళ్ళికూతురు వెనుక చెరొక వైపు నిలబడ్డారు. సన్నాయి ఆపించి, ఫణీంద్ర మైకు అందుకున్నాడు.

"వధువు దండయందు ధరింపబోవు ఈ వంకీ ప్రస్తుతము తాకట్టునందున్నదని, స్వర్ణ చైతన్య పథకము క్రింద ప్రదర్శింపబడుచున్నదని సభాసదులకు సంతోషముతో తెలియజేయడమైనది."

దుర్గాప్రసాదు తల దించుకున్నాడు. నేను నిటారుగా కూర్చున్నాను, ఇంకేమి చేయాలో తెలియక. వరుడి తల్లి తన కుర్చీలోనుంచి లేచింది. లావుపాటి మనిషి, రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు ఉన్నాయి. ఆమె నేరుగా వీరాస్వామి దగ్గరికి నడిచింది. సంబంధం చెడిపోయిందనే అందరమూ అనుకున్నాము.

"బాబూ," అన్నది గొంతు తగ్గించి. అయితే మైకు పక్కనే ఉన్నది గనుక అందరికీ వినిపించింది. "మా జిల్లాకు కూడా ఇట్టా మనుషుల్ని పంపుతారా? మా అసలు గాజులు ఒకచోట ఉన్నాయి. వచ్చే నెల మా ఆడపడుచు ఇంట్లో శుభకార్యం."

మొదట నవ్వింది ఆమె ఆడపడుచే. నవ్వి, తాను కూడా వీరాస్వామి దగ్గరికి వెళ్ళింది. ఆమె వెనుక మా వైపు వారు ఇద్దరు వెళ్ళారు. భోజనాల వేళకు ఫణీంద్ర దగ్గర దరఖాస్తులు అయిపోయి, విస్తరి వెనుక వ్రాసుకోవలసి వచ్చింది. సాంఘిక రుగ్మత ఒక్క పూటలో నిర్మూలింపబడినట్లు ఆ తరువాత ముకుందప్రసాద్ గారు పైకి నివేదిక పంపారు.

కాని అది తరువాతి మాట. ముహూర్తానికి ముందు త్రిపుర వీరాస్వామి చేతిలోని పెట్టె తెరిచి, అసలు బంగారు వంకీని తీసింది. హిరణ్మయి చేయి చాచింది. వంకీ దండకు సరిగ్గా పట్టింది. చిలకల ముక్కుల కింద లక్క ముద్ర చీటీ ఊగుతున్నది.

"అత్తయ్యా, ఇది గుచ్చుకుంటోంది," అన్నది పిల్ల మెల్లగా.

త్రిపుర ఆ చీటీని మడిచి, పిల్ల కొంగు కిందికి తోసింది.

"పెద్దవాళ్ళ వస్తువమ్మా," అన్నది. "కొంచెం గుచ్చుకుంటుంది."